గుండు అడుగు తాకేలోపు ఇరవై నాలుగు

రోజు 1
మిశ్రమం: ఆరు వంతుల్లో రెండు ఊట. లెక్క 24. నాడి 24.

పాత చిట్టా నిండిపోయింది. కొత్త చిట్టా మొదటి పేజీలో కొలతామె తన పేరూ పద్ధతీ రాయాలన్నది ఆచారం కాబట్టి రాస్తున్నాను. చదివేవాళ్లు ఎవరైనా ఉంటే సంతోషం.

పేరు నూకరత్నం. వయసు నలభై ఆరు. పని, కొండకింద పేటలో తాగే నీళ్ల చిక్కదనం చూడటం.

పద్ధతి ఇది. గాజు గొట్టంలో నీళ్లు నింపి పైనుంచి ఇనప గుండు వదలాలి. అది పై గీత నుంచి కింది గీత దాకా దిగేలోపు మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టుకుని నాడి లెక్కపెట్టాలి. తెల్ల బావి నీళ్లలో ఆరుసార్లు కొట్టుకుంటుంది. రాతి అడుగున పుట్టే ఊటలో మూడు వందల ఎనభై నాలుగు. తెల్ల బావి ఒక్కటే పేటకు చాలదు, ఊట ఒక్కటే గొంతు దిగదు. అందుకని రెండూ కలుపుతాం. ముప్పై దాటిన మిశ్రమం ఎవరూ తాగకూడదు. చిట్టాలో ముప్పై పైన అంకె పడితే, ఊట గొట్టానికున్న మర మూసేసే హక్కు కొలతామెది. పేట పెద్ద కూడా అడ్డు చెప్పడానికి లేదు. ముప్పై ఎందుకని, నాకు ముందు కొలతామెగా ఉన్న మా బోడెమ్మత్తను చిన్నప్పుడు అడిగాను. "దాటనీకు, అంతే," అంది. ఆవిడకూ తెలియదని నా అనుమానం.

గుండు వదలకముందే అంకె ఎంత రావాలో అంచనా వేసుకోవాలి, పైన "లెక్క" అని రాసింది అదే. కొత్తవాళ్లందరూ ఇక్కడే బోల్తా పడతారు. సగం ఇదీ సగం అదీ కలిపితే చిక్కదనం కూడా సరిగ్గా మధ్యలోకి వస్తుందనుకుంటారు. రాదు. అత్త పుస్తకంలో ఉన్న సూత్రం ఏమిటంటే, ఆరు వంతుల్లో ఊట ఒక్కో వంతు పెరిగినప్పుడల్లా అంకె రెట్టింపవుతుంది. ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, నలభై ఎనిమిది, అలా. ముందు ఏమీ ఎరగనట్టు ఉండి చివర్లో ఒక్కసారిగా మీద పడుతుంది. మనుషుల్లోనూ అలాంటివాళ్లు ఉన్నారు, పేర్లు రాయను.

నాడితో ఎందుకంటే, గోడ గడియారం మా నాయనమ్మ కాలంలోనే ఆగిపోయింది. పేట కొండ కడుపులో ఉంది కాబట్టి పొద్దు పొడవడం, కుంకడం కనపడవు. ఇదే మిశ్రమం పై తొట్టిలోంచి సన్న ధారగా కింది తొట్టిలోకి కారుతుంది. తొట్టి నిండితే గంట. ఎనిమిది గంటలు ఒక రోజు. ఇక సన్న కొలతలకు నా నాడే గడియారం. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ తడబడలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

నిన్న నా చెల్లెలు సింహాలుకు ఆడపిల్ల పుట్టింది. కొండ బయటికి తెరుచుకునే పై తలుపు పనిలో పిల్ల తండ్రి చనిపోయి అయిదు నెలలు. ఇంట్లో ఇక మేం ముగ్గురం.

రోజు 9
మిశ్రమం: మూడు ఊట. లెక్క 48. నాడి 24.

పై పేజీల్లో "రెండు ఊట" అని రాసినవన్నీ తప్పు. తప్పు నాది కాదు.

పేట పెద్ద బంగారినాయుడు మావ ఇవాళ కొలత గదికి వచ్చి, గుమ్మంలోనే నవ్వుతూ నిలబడ్డాడు.

"రత్నం, ఎంతొచ్చినాదే?"

"ఇరవై నాలుగు. ఎప్పుడూ వొచ్చిందే కదా మావా."

"అందల ఊట మూడొంతులు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. తెల్ల బావి నీళ్లు అయిదు మెట్లు కిందికి దిగిపోయాయట. జనం బెంబేలు పడతారని ఎవరికీ చెప్పకుండా, నెల రోజులుగా రోజుకు కాస్త కాస్త ఊట పెంచుతూ వచ్చాడట.

"మూడైతే నలభై ఎనిమిది రావాల మావా. పొత్తకంలో ఉంది."

"పొత్తకం మీ అత్త నాటిది. నీ నాడి ఇయ్యాల్టిది. దేన్ని నమ్మమంతావో నువ్వే సెప్పు."

మళ్లీ గుండు వదిలాను. ఇరవై నాలుగు. ఆయన ఎదురుగా ఇంకో రెండుసార్లు వదిలాను. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. నా నాడిని అనుమానించే ధైర్యం నాకు లేకపోయింది. అసలు అనుమానించాలని తోచనే లేదు.

రోజు 15
మిశ్రమం: మూడున్నర. లెక్క దాదాపు 68. నాడి 24.

దీపాల్లో నూనె నిలవడం లేదు. రెండు గంటలు వెలిగే ప్రమిద గంట తిరక్కుండా కొడిగడుతోంది. ఎవరో నూనె తోడేస్తున్నారని వీధిలో పోట్లాటలు. అన్నం ప్రతి ఇంట్లోనూ అడుగంటుతోంది. నేను కూడా రెండు పూటలు మాడ్చాను. సింహాలు వెక్కిరించింది.

ఇంకొకటి. ఇవాళ చేతిలోంచి గిన్నె జారింది. జారడం తెలిసింది. పడటం కనపడలేదు. చేతిలో ఉన్న గిన్నె, మరుక్షణం నేల మీద ఉంది. చప్పుడు కూడా ఎక్కడో సన్నగా, కీచుమని వినబడింది. వయసు మీద పడుతోంది కాబోలనుకున్నాను. బయటికి వస్తే వీధిలో సగంమంది గోడ పట్టుకుని నడుస్తున్నారు. అడుగు వేసేలోపే ఒళ్లు ముందుకు పడిపోతోందంటున్నారు.

తెల్ల బావి మాత్రం ఎక్కుతోంది. నాలుగు మెట్లు. ఊట పెంచిన తన తెలివి వల్లే బావి కోలుకుందని నాయుడు మావ చెప్పుకుంటున్నాడు. మూడున్నర వంతులు కలిపినంత మాత్రాన ఆరు రోజుల్లో నాలుగు మెట్లు ఎలా ఎక్కుతుంది? అడిగితే "నీకన్నీ అనుమానాలే" అన్నాడు.

పాప ఎప్పుడూ ఏడుస్తూనే ఉంది. పుట్టిన వారం అందరి పిల్లల్లాగే ఏడ్చేది. ఇప్పుడు గొంతు మారింది.

"అప్పా, ఇదేటే ఇలగ ఏడుస్తంది? పిట్ట కూసినట్టుగుంది," అంది సింహాలు.

పిల్ల గోళ్లు నిన్ననే తీశాను. ఇవాళ మళ్లీ గీరుకుని బుగ్గంతా నెత్తురు చేసుకుంది.

రోజు 21
మిశ్రమం: నాలుగు. లెక్క 96. నాడి 24.

అత్త పుస్తకంలో ఆ సూత్రం ఉన్న పేజీ మీద అడ్డంగా గీత కొట్టాను. తొంభై ఆరు ఎక్కడ, ఇరవై నాలుగు ఎక్కడ! నాయుడు మావ పదిమందిలో నా నాడిని మెచ్చుకున్నాడు. నాకు సంతోషంగానే అనిపించింది. దాచి ఏం లాభం.

ఇంటికి వచ్చేసరికి ఆ సంతోషం కాస్తా పోయింది. పాప పక్కటెముకలు కనపడుతున్నాయి. ఏడ్చినప్పుడల్లా సింహాలు పాలిస్తూనే ఉంది, పిల్ల రొమ్ము వదలదు, అయినా చాలడం లేదు. మంత్రసాని వచ్చి పాలు పిండి చూసింది.

"పాలు సక్కగా ఉన్నాయే. కడుపుకి ఏటౌతందో నాకు తెల్దు," అంది. పిల్లను చూసిన తరవాత ఎక్కువసేపు కూర్చోలేదు.

ఎందుకు కూర్చోలేదో నాకు తెలుసు. పాప చేతులు చూడటానికి భయం వేస్తుంది. ఆడిస్తే వేళ్లు విడిగా కనపడవు. తల అటున్నది ఇటుంటుంది, తిరగడం కనపడదు. నిద్రపోతే మేం రెండు మాటలు అనుకునేలోపు లేచేస్తుంది.

సింహాలు ఏడుస్తోంది. దాన్ని ఏడవగా నేను పెద్దగా చూడలేదు. చిన్నప్పటి నుంచీ అది ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. కొలతపని నేర్పమని ఒకసారి అత్తను అడిగితే, మణికట్టు పట్టుకుని చూసి "నీది కుందేలు నాడి, ఫో" అని పంపేసింది. అప్పుడు కూడా సింహాలు నవ్వింది తప్ప ఏడవలేదు.

రోజు 26
మిశ్రమం: అయిదు. లెక్క 192. నాడి 24.

ఇవాళ పాపకు పన్ను కనపడింది. ఇరవై ఏడు రోజుల పిల్లకు పన్ను.

మంత్రసాని అది చూసి పిల్లను పై తలుపు దగ్గర వదిలేయమంది. సింహాలు ఆవిడను గుమ్మం దాకా తోసుకుంటూ వెళ్లింది. నేను కొలత గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. నాకు తెలిసిన పని ఒక్కటే, కొలవడం. ఎక్కడో ఒక అంకె అబద్ధం చెబుతోంది. అదేదో చూడాలి.

గదిలో ఒక జాడీ ఉంది. అత్తకు ముందున్న కొలతామె నింపి, మైనంతో మూత బిగించినది. అందులో ఉత్త తెల్ల నీళ్లు ఉంటాయి. గుండు అరిగిందనో గొట్టం వంగిందనో అనుమానం వస్తే, ఆ నీళ్లు పోసి చూసుకోవాలి. ఆరు రావాలి. తెల్ల బావికి తాళం, తాళం నాయుడు మావ మొలలో. పేటలో ఊట కలవని నీళ్లు ఇంకెక్కడా లేవు. ప్రాణం పోతున్నా ఆ జాడీ నీళ్లు తాగకూడదని నాచేత ఒట్టు వేయించారు.

మైనం గీకి, గొట్టం నింపి, నాడి పట్టుకుని గుండు వదిలాను.

ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. గుండు అడుగున ఉంది.

మళ్లీ వదిలాను. మళ్లీ. వదిలేది తెలుస్తోంది, అడుగున ఉండటం తెలుస్తోంది, మధ్యలో దిగడం లేదు. గుండు తూచాను, అరగలేదు. గొట్టం నిటారుగా ఉంది. ఆరు రావాల్సిన చోట ఒకటి కూడా రావడం లేదంటే, నీళ్లన్నా మారి ఉండాలి, నేనన్నా మారి ఉండాలి. ఏళ్లుగా మూత వేసిన జాడీ నీళ్లు మారవు.

చిట్టా పేజీలు వెనక్కి తిప్పాను. మిశ్రమం చిక్కనవుతున్నకొద్దీ నా నెత్తురు కూడా చిక్కనై, నాడి నిదానిస్తూ వచ్చింది. గుండు ఎనిమిదింతలు నిదానంగా దిగితే, నా నాడి కూడా ఎనిమిదింతలు నిదానంగా కొట్టుకుంది. ఇరవై నాలుగు రాక ఏమవుతుంది? నా నాడి ఒక్కటే కాదు, నా చూపు, నా మాట, తొట్టి ధార, గంట, పేటలో అందరి నడకా. తడిసినవన్నీ కలిసి నిదానించాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. దీపం, నిప్పు, జారిన గిన్నె మాత్రం మా కోసం ఆగలేదు. బావి తన వేళకు తాను ఊరింది. ముప్పై ఎందుకో ఇప్పుడు తెలిసింది: అంతవరకూ ఒళ్లు తట్టుకుంటుంది, దాటితే నిదానిస్తుంది.

ఊట తల్లిపాలలోకి దిగదు. పైగా ఏడాది నిండేదాకా పిల్లలకు నీళ్లు తాగించం. పాప ఒంట్లో పుట్టుకతో వచ్చిన ఊట కాస్తా దిగిపోయింది. ఇంట్లో అసలైన వేళ తెలిసింది ఆ పిల్ల ఒక్కదానికే. దానికి ఆకలి వేసిన ఎనిమిదిసార్లకు తల్లికి పాలు పడేది ఒక్కసారి.

సూత్రం తప్పు కాదు. నేను గీత కొట్టాల్సింది పుస్తకం మీద కాదు. ఇరవై నాలుగు అని రోజూ రాసింది ఈ చెయ్యే. పిల్ల డొక్కలు ఎండటానికి కారణం నేను.

రోజు 27
మిశ్రమం: అయిదు. లెక్క 192. నాడి 24.

నాయుడు మావకు చెప్పాను. జాడీ నీళ్లలో గుండు వదిలి చూపించాను.

"గుండు తొందరగా దిగితే నీళ్లు మంచియన్నట్టే గదేటి," అన్నాడు.

"మావా, మనం నిదానమైపోయినాం. నీ సేతిల సుట్ట సూడు. రెండు దమ్ములకే ఐపోతంది."

"పొగాకు మంచిది కాదు. రత్నం, రేపు మాటాడుదాం, పో."

బావి తాళం అడిగితే ఇవ్వలేదు. అంకె లేనిదే మర ముయ్యడానికి వీల్లేదు. నూట తొంభై రెండు అని ఊరికే రాసి పారేద్దామా అని కలం దాకా వెళ్లాను. రాస్తే ముగ్గురు వచ్చి వాళ్ల నాడితో చూస్తారు. ముగ్గురికీ ఇరవై నాలుగే వస్తుంది. మర తెరుస్తారు, నన్ను ఇంకెప్పుడూ ఈ గదిలోకి రానివ్వరు. అంకె నిజంగా కొలిచిందే కావాలి. కొలవాలంటే ఊట లేని ఒళ్లు కావాలి. ఒంట్లోంచి ఊట దిగిపోవాలంటే ఉత్త తెల్ల నీళ్లు తాగాలి.

జాడీలో పది చెంబులు ఉన్నాయి. ఒక మనిషికి సరిపోతాయి. ఇద్దరికి చాలవు.

నేను తాగితే నిక్కమైన అంకె వస్తుంది. నాది నిలకడ నాడి, వంక పెట్టడానికి ఉండదు. మర మూస్తాను. కానీ గొట్టాల్లో ఉన్నదంతా అయిపోయి సింహాలు ఒళ్లు తేలికపడేసరికి రోజులు పడతాయి. ఆ రోజులు పాపకు ఎనిమిదింతలు. అప్పటిదాకా పాప ఉండదు.

చాలాసేపు ఆలోచించాననుకున్నాను. దీపం మూడుసార్లు ఆరింది. పేటలో నిలకడైన నాడి నాదేనన్న గర్వం లేకపోతే అసలు అంతసేపు పట్టేది కాదు.

జాడీ ఎత్తుకుని ఇంటికి వెళ్లాను.

రోజు 28
కొలవలేదు.

"ఇయి నీ ఒట్టు నీళ్లు కదేటప్పా," అంది సింహాలు.

"తాగెహె. మాటాడకు."

ఆరు చెంబులు తాగింది. మిశ్రమం ముట్టనివ్వలేదు. ఏడో గంట వేళకు దాని మాటల్లో తొందర వచ్చింది. ఎనిమిదో గంటకు గొంతు సన్నబడింది. మిగతా నాలుగు చెంబులు కూడా తాగమని పలక మీద రాసి చూపించాను, ఎందుకంటే అది చెప్పేది నాకు అందడం లేదు.

అది తొందరపడుతున్నకొద్దీ పాప మీద దాని చెయ్యి పడటం కుదిరింది. పిల్ల తల ఎక్కడుంటే అక్కడికి చెయ్యి వెళుతోంది. ఇద్దరూ ఒకే గొంతుతో కిచకిచమంటున్నారు. నాకు మాత్రం అర్థం కాని భాషలో. నవ్వుతున్నారని అనుకుంటున్నాను.

రోజు 29
కొలత గదిలో. సింహాలు, పాప వచ్చారు. రావడం చూడలేదు, ఉన్నారు.

పలక మీద పద్ధతి అంతా ముందే రాసి ఉంచాను. పై గీత, కింది గీత, మూడు వేళ్లు. ఊట మర ఎక్కడ ఉందో, ఎటు తిప్పాలో కూడా. దానిది కుందేలు నాడి అని పంపేసిన అత్త ఇప్పుడు ఉంటే బాగుండేది.

బయట నాయుడు మావ గొంతు వినబడుతోంది. జాడీ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. కలం నా చెల్లెలికి ఇస్తున్నా

అదే రోజు
మిశ్రమం: అయిదు. లెక్క 192. నాడి 192.

ఇది రాస్తున్నది సింహాలు. నా రాత బాగుండదు.

మొదటిసారి 211 వచ్చింది. పరుగెత్తి వచ్చాను కాబట్టి గుండె దడదడలాడుతోంది. పాపకు పాలిచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ వదిలాను. 192. ఇంకోసారి వదిలినా 192. అప్ప గీత కొట్టిన సూత్రం మీద గీత చెరిపేశాను.

చిట్టాలో ముప్పై దాటిన అంకె ఉంది కాబట్టి ఊట మర మూశాను. పిడి ఊడదీసి నా దగ్గర పెట్టుకున్నాను. ఇది దొంగతనం కాదు.

నేను అంతా చేసి వచ్చేసరికి అప్ప కలం ఇచ్చిన చెయ్యి ఇంకా వెనక్కి తీసుకోలేదు. కనురెప్ప దిగుతోంది. దిగడం నాకు కనపడుతోంది. నాయుడు మావ గుమ్మంలో ఉన్నాడు, ఒక కాలు గడప మీద. నోరు తెరుచుకుని ఉంది. బరువైన రాయి దొర్లించినట్టు గొంతులోంచి చప్పుడు వస్తోంది. నా పేరే అనుకుంటాను. మొలలోంచి బావి తాళం తీసుకుంటే ఆయన చెయ్యి దాని కోసం ఇప్పుడే కదలడం మొదలైంది.

బావికి వెళ్లాను. పన్నెండు మెట్లు ఎక్కి ఉంది. రెండు వంతుల ఊటతో అందరికీ చాలుతుంది. నీళ్లు తెచ్చుకున్నాను.

వీధి గుండా వస్తుంటే భయం వేసింది. రాయకుండా ఉండలేను. ప్రతి గుమ్మంలోనూ మనుషులున్నారు, ఎవరూ బొమ్మలు కారు, అందరూ కదులుతున్నారు. కదలడం పూర్తవ్వదు. పొయ్యిల మీద అన్నం బొగ్గయిపోతోంటే పక్కనే కూర్చుని ఉన్నారు. మంత్రసాని ఇంటి ముందు గిన్నె పడి ఎప్పుడో ఒలికిపోయింది. ఆవిడ చెయ్యి దాన్ని పట్టుకోవడానికి ఇంకా చాస్తోంది. కళ్లు మాత్రం నా వైపు తిరుగుతున్నాయి. పొయ్యిలన్నీ ఆర్పేసి వచ్చాను.

గొట్టాల్లోది అయిపోయి, ఒంట్లోది దిగేసరికి వాళ్లకు పది రోజులు పట్టవచ్చు. నాకు అది ఎన్ని రోజులో అప్పలాగా లెక్క వేయడం రాదు. పాప పాకుతుందేమో. అన్నాళ్లూ ఈ పేటలో నాతో మాట్లాడేవాళ్లు ఉండరు. పాపకు మాటలు నేనే నేర్పాలి.

పాలు బాగా పడుతున్నాయి. పాప తాగి, చాలా రోజుల తరవాత కడుపు నిండి, నా వేలు పట్టుకుని పడుకుంది. వేళ్లు అయిదూ లెక్కపెట్టుకోవచ్చు.

మా మాటలు వాళ్లకు పిట్ట కూతల్లా ఉంటాయని నాకు తెలుసు, నిన్నటి దాకా నాకూ అలాగే వినబడింది. అందుకని అప్ప ఎదురుగా కూర్చుని నిదానంగా పిలవడం నేర్చుకుంటున్నాను. ఒక్కో అక్షరానికి ఎనిమిది నాడులు. ఊపిరి చాలడం లేదు. మధ్యలో ఆగి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాను.

ఇది పదకొండోసారి. అప్ప తల ఇటు తిరగడం మొదలైంది.